డాక్టరు వులిమిరి రామలింగస్వామి: ఉప్పుతో బుద్ధిని కాపాడిన వైద్యుడు

లోకమునకు మేలు చేసిన మహనీయులు రెండు తెగలుగా నుందురు. కొందరు చేసిన మేలు కంటికి కనబడును. చెరువు త్రవ్వించినవాని పేరు చెరువుగట్టున నిలుచును. సత్రము కట్టించినవాని పేరు సత్రపు గోడమీద నుండును. మరికొందరు చేసిన మేలు కంటికి కనబడదు. రాకుండ ఆగిపోయిన రోగమును ఎవరు చూడగలరు? మందబుద్ధిగా పుట్టవలసిన బిడ్డ చక్కగా పుట్టి, పెరిగి, పలక పట్టుకొని బడికి పోవుచుండగా, ఆ బిడ్డను కాపాడినవారెవరని కన్నతల్లియైనను అడుగదు. అట్టి కనబడని మేలు చేసినవారిలో అగ్రగణ్యులు డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు. వారు వాడిన మందు సీమనుండి వచ్చిన ఖరీదైన ఔషధము కాదు. ప్రతి వంటయింటను ఉండు ఉప్పే. పేరులోనే ఉప్పును నిలుపుకొన్న ఉప్పుగూడ వాసులకు ఈ మహనీయుని చరిత్ర మిక్కిలి తెలియదగినది.

జననము, విద్యాభ్యాసము

రామలింగస్వామిగారు 1921వ సంవత్సరము ఆగస్టు నెల 8వ తేదీన శ్రీకాకుళమున జన్మించిరి. నాగావళీ తీరమున నున్న ఆ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలో చేరియుండెను. ఆ ప్రాంతమునందే సముద్రతీరమున నౌపడ ఉప్పుమళ్లు కలవు. ఉప్పు పండు సీమలో పుట్టిన బాలుడు పెద్దవాడై, ఆ ఉప్పునే లక్షలాది శిశువులకు రక్షగా మార్చుట విధివిలాసమనదగును.

వారు విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి 1944లో ఎం.బి.బి.యస్. పట్టమును, 1946లో ఎం.డి. పట్టమును పొందిరి. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. 1942 ఏప్రిలులో జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. మరుసటి సంవత్సరము వంగదేశమున ఘోరక్షామము సంభవించి లక్షలమంది ప్రజలు అన్నములేక మరణించిరి. ఆకలి, ఆహారలోపము, వానినుండి పుట్టు రోగములు ఆనాటి యువవైద్యుల కన్నులయెదుట నున్న ప్రశ్నలు. రామలింగస్వామిగారు వ్యాధి ఎందువలన పుట్టునో, శరీరములోని ఏ అవయవమును ఏ విధముగా చెరచునో వెదకు శాస్త్రమును తమ మార్గముగా ఎన్నుకొనిరి. దానిని వ్యాధి విజ్ఞానశాస్త్రమనియు, పాథాలజీ యనియు అందురు. సామాన్యముగా ఆ శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిముందు కూర్చుండి పనిచేయును. ఈయన మాత్రము సూక్ష్మదర్శినిని విడువకయే, రోగము పుట్టిన పల్లెకు నడచిపోయిన శాస్త్రజ్ఞుడు.

కూనూరు పరిశోధనాలయము

1947లో వారు నీలగిరులలోని కూనూరునందు నెలకొనియున్న పోషకాహార పరిశోధనాలయమున చేరిరి. ఆ సంస్థను స్థాపించి పెంచినవాడు రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు. ఆయన ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో సైనిక వైద్యుడుగా గిల్గిట్, చిత్రాల్ కొండలోయలలో పనిచేసెను. అచ్చటి పల్లెలలో అనేకులకు గొంతు వాచి వ్రేలాడుచుండెను. ఆ పల్లెలలోనే పుట్టుకతో మందబుద్ధులై, చెవిటి మూగలై, తడబడు నడకతో బ్రదుకువారును కనబడిరి. గొంతువాపు త్రాగునీటిలోని మలినమువలన కలుగునని మెక్కారిసన్ నమ్మెను. ఆ నమ్మకమును పరీక్షించుటకై ఆ నీటిలోని మడ్డిని తాను త్రాగి, ఇష్టపడినవారిచేత త్రాగించి చూచెను. మందబుద్ధులైన ఆ అభాగ్యులలో రెండు తెగలు కలవని 1908లో ఆయన వర్ణించెను. నాడీమండలము చెడి, చెవుడును మూగతనమును, బిగిసిన కాళ్లును కలవారు ఒక తెగ. మరుగుజ్జులై, ముఖము ఉబ్బి, మందకొడిగా నుండువారు రెండవ తెగ. ఆ వర్ణనము నేటికిని వైద్యగ్రంథములలో నిలిచియున్నది.

మెక్కారిసన్ విడిచిన ప్రశ్నయే ఒక తరము గడచిన పిమ్మట ఆ పరిశోధనాలయమున చేరిన తెలుగు యువకునకు జీవితకార్యమైనది. నడుమ రామలింగస్వామిగారు ఇంగ్లండునకు వెళ్లి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పరిశోధించి 1951లో డి.ఫిల్. పట్టమును పొందిరి. 1954 వరకు కూనూరు పరిశోధనలలో పాలుగొనిరి. కూనూరులోని ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెంత తార్నాకలో స్థిరపడెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు ధరించెను. ఆ విధముగా ఈ కథలో మన నగరమునకును పాలు కలదు.

అయోడిన్ కథ

రామలింగస్వామిగారి పని అర్థమగుటకు అయోడిన్ అను మూలపదార్థమును గూర్చి కొంత తెలియవలెను. దీనిని 1811లో కూర్త్వా అను ఫ్రెంచివాడు సముద్రపు నాచు బూడిదనుండి తీసెను. 1895లో బౌమన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మన గొంతునందలి అవటు గ్రంథిలో, అనగా థైరాయిడ్ గ్రంథిలో, అయోడిన్ కలదని కనుగొనెను. ఆ గ్రంథి తయారుచేయు రసము పేరు థైరాక్సిన్. దానిని చేయుటకు అయోడిన్ తప్పనిసరి. మనిషికి దినమునకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే; జీవితకాలమంతటికిని కావలసినది ఒక చెంచాడు. అంత కొలదియైన వస్తువు దొరకనిచో గ్రంథి తన శక్తికి మించి శ్రమించి శ్రమించి పెరిగిపోవును. అదియే గళగండము.

కొండప్రాంతముల నేలలో అయోడిన్ మిక్కిలి తక్కువ. యుగయుగములుగా మంచు కరగియు, వానలు కురిసియు ఆ నేలనుండి దానిని కడిగివేసినవి. వరదలు తరచుగా వచ్చు మైదానములకును ఇదే గతి. అట్టి నేలలో పండిన ధాన్యమునందును, ఆ నేలలోని గడ్డి మేసిన పశువుల పాలయందును అయోడిన్ కొరతయే. సముద్రపు ఉప్పులో అయోడిన్ సమృద్ధిగా నుండునని చాలమంది తలంతురు. అది పొరపాటు. ఉప్పుమళ్లలో తయారగు మామూలు ఉప్పునందు అయోడిన్ మన అవసరమునకు చాలదు; దానిని ప్రత్యేకముగా చేర్చవలసినదే.

మెదడునకు కలుగు హాని

గొంతువాపు కంటికి కనబడు చిహ్నము మాత్రమే. అసలు హాని తలలోపల జరుగును. గర్భస్థశిశువు మెదడులో నాడీకణములు పుట్టి, తమ తమ తావులకు చేరి, కొమ్మలు వేసి, ఒకదానితో నొకటి కలియవలెను. ఈ పనులన్నియు సకాలమున జరుగుటకు థైరాక్సిన్ కావలెను. తొలి నెలలలో శిశువునకు సొంత గ్రంథి పనిచేయదు గనుక తల్లి రక్తమునుండి వచ్చు రసమే ఆధారము. తల్లికి అయోడిన్ కొరత తీవ్రమైనచో బిడ్డ పెద్దమెదడును, వినికిడి అవయవమును చెడును. పుట్టుక సమయమున, ఆ తరువాత కూడ కొరత సాగినచో ముఖ్యముగా చిన్నమెదడు ఎదుగుదల కుంటుపడును.

చిన్నమెదడు తల వెనుకభాగమున, మెడకు కొంచెము పైన ఉండును. శాస్త్రగ్రంథములలో దీనిని అనుమస్తిష్కమందురు. బరువున ఇది మొత్తము మెదడులో సుమారు పదవవంతు. కాని మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణములలో దాదాపు 6,900 కోట్లు దీనియందే కలవని 2009లో ప్రకటింపబడిన గణనము తెలుపుచున్నది. 1824లో ఫ్లూరాన్స్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పావురముల చిన్నమెదడును తొలగించి చూచెను. అవి చూడగలిగినవి, వినగలిగినవి. కాని కుదురుగా నడువలేకపోయినవి, ఎగురలేకపోయినవి. 1837లో పుర్కిన్యే అను చెక్ శాస్త్రజ్ఞుడు చిన్నమెదడులో చెట్టువలె కొమ్మలు చాచిన పెద్ద కణములను వర్ణించెను. అవి నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నవి. ఆ తరువాత నూరేండ్లకు పైగా చిన్నమెదడనగా నడకను, చేతిపనిని తీర్చు అవయవమని మాత్రమే పెద్దలు తలచిరి.

ఆ భావము క్రమముగా మారెను. 1998లో అమెరికాలోని బోస్టను నగర వైద్యులైన ష్మామన్, షెర్మన్ అనువారు చిన్నమెదడు దెబ్బతిన్న ఇరువదిమంది రోగులను శ్రద్ధగా పరీక్షించి ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ రోగులలో పనికి క్రమము ఏర్పరచుకొను శక్తియు, సమయమునకు తగిన మాట తోచు శక్తియు, వస్తువుల అమరికను ఊహించు శక్తియు తగ్గియుండెను. కొందరిలో సుఖదుఃఖములు ముఖమున పలుకుట మందగించెను. కొందరి నడవడిలో అదుపు తప్పెను. నడకకు తూకము నేర్పు అవయవమే తలపునకును, ఉద్వేగమునకును, నడవడికిని కూడ తూకము నేర్పుచున్నదని దీనివలన తేలినది.

ఎలుకపిల్లలపై జరిగిన పరిశోధనలు థైరాక్సిన్ పాత్రను విశదపరచినవి. పుట్టగానే థైరాయిడ్ రసము లేకుండ చేసిన పిల్లలలో చిన్నమెదడు పైపొరనుండి లోపలికి దిగవలసిన కణములు ఆలస్యముగా దిగినవి. పుర్కిన్యే కణముల కొమ్మలు సరిగా విస్తరింపలేదు. ఆలస్యముగా ఇచ్చిన మందు ఆ లోటును పూర్తిగా పూడ్చలేకపోయినది. మొలక దశలో నీరందని పైరునకు కోతలనాడు నీరు పెట్టి ఏమి ప్రయోజనము? కావున ఈ వ్యాధికి చికిత్సకన్న నివారణయే ముఖ్యము. రామలింగస్వామిగారి కృషి విలువ ఈ ఒక్క మాటలో నున్నది.

కాంగ్డా లోయ ప్రయోగము

ఢిల్లీలో అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ 1956లో ఏర్పడెను. మరుసటి సంవత్సరము రామలింగస్వామిగారు అందు వ్యాధి విజ్ఞానశాఖకు ఆచార్యులైరి. హిమాలయపాదమున పశ్చిమమునుండి తూర్పు వరకు వందలమైళ్ల పొడవున గళగండము వ్యాపించియుండెను. దానికి కారణము నీటిలోని మలినమా, తిండిలోని విషమా, అయోడిన్ కొరతయా అను విషయమున మన దేశమున నిశ్చయము కుదరలేదు. స్విట్జర్లాండులో 1922నుండియే అయోడిన్ కలిపిన ఉప్పు వాడుకలో నుండెను. కాని చలిదేశపు శుభ్రమైన పొడి ఉప్పు వేరు. మన దేశపు తేమగల ముడి ఉప్పు వేరు. ఇచ్చట అది పనిచేయునా యను సందేహము పాలకులకు కలదు.

ఆ సందేహమును తీర్చినది కాంగ్డా లోయ. అది అప్పుడు పంజాబు రాష్ట్రమునందుండెను. 1966నుండి హిమాచలప్రదేశమున చేరినది. 1956లో ఆ లోయలో సుమారు లక్షమంది జనులుగల ప్రాంతమును మూడు భాగములుగా విభజించిరి. బడిపిల్లల గొంతులను చేతితో తడవి పరీక్షించి, రోగముగలవారిని లెక్కించిరి. మూడు భాగములలోను నూటికి నలుబదిమందికి దగ్గరగా పిల్లలకు గళగండము కనబడెను. పిమ్మట ఒక భాగమునకు పొటాసియం అయోడైడ్ కలిపిన ఉప్పును, మరొక భాగమునకు పొటాసియం అయోడేట్ కలిపిన ఉప్పును, మిగిలిన భాగమునకు ఏమియు కలుపని ఉప్పును సరఫరా చేయించిరి. ఆ జనుల ఆచారములు మారలేదు, వంటలు మారలేదు, త్రాగునీరు మారలేదు. మారినది ఉప్పులోని ఒక అణువు మాత్రమే.

ఆరేండ్లు గడచెను. 1962లో మరల పిల్లలను పరీక్షించిరి. అయోడిన్ చేరిన రెండు భాగములలోను గళగండము సగమునకు, అంతకన్న తక్కువకు దిగిపోయెను. మామూలు ఉప్పు తిన్న భాగమున ఏ మార్పును లేదు. నీరు నిర్దోషియని, కొరతయే దోషియని దీనితో ఋజువైనది. అయోడైడ్ తేమకును ఎండకును త్వరగా హరించిపోవును, అయోడేట్ నిలుచును. ఆ కారణమున మన దేశమునకు అయోడేటే తగినదని తేలెను. ఈలోగా 1961లో రామలింగస్వామిగారు సహచరులతో కలిసి హిమాలయ గళగండమునకు మూలకారణమును గూర్చి లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో వ్యాసము ప్రకటించిరి.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. అయోడిన్ మేలు చేయునని తోచుచుండగా, ఒక భాగపు పిల్లలకు ఆరేండ్లు వట్టి ఉప్పు ఇచ్చుట న్యాయమా? ఆ పిల్లలు తినినది అంతకుముందు వారి ఇండ్లలో వాడుకలోనున్న ఉప్పే. పోల్చిచూచుటకు ఆ భాగము లేనిచో, రోగము తగ్గుట కాలమహిమయో ఉప్పు మహిమయో చెప్పుటకు వీలుండదు. వీలులేని సాక్ష్యముతో పాలకులు దేశమంతటికిని ఉప్పు మార్చియుండరు. ఫలితము తేలిన వెంటనే ఆ భాగమునకు కూడ అయోడిన్ ఉప్పు నిచ్చిరి. 1968 నాటికి మొదటి రెండు భాగములలో గళగండము నూటికి పదిమందికన్న తక్కువకు దిగెను. వట్టి ఉప్పు తిన్న భాగమునను అది తగ్గుముఖము పట్టెను. అయినను ఆ ఆరేండ్లలో ఆ భాగమున పుట్టిన శిశువుల ఋణము శాస్త్రముపై నున్నదనుట సత్యము. ఆ ఋణము దేశమంతటి శిశువులకు రక్షణ కల్పించినప్పుడే తీరును. ఈ ప్రయోగపు పూర్తి ఫలితములు 1973లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడినవి. సూచ్, దేవ్, కర్మార్కర్, కొచ్చుపిళ్లై, రామచంద్రన్ గారలు ఆ వ్యాసమున వారి సహచరులు.

గొంతునుండి బుద్ధికి

1962లో కేంద్రప్రభుత్వము జాతీయ గళగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. కాని ఫలితము తెలియుట ఒకటి, ఫలితము ప్రజలకు చేరుట వేరొకటి. కార్యక్రమము హిమాలయపు జిల్లాలకే పరిమితమై, ఉప్పు చాలినంత తయారుగాక, ఇరువది యేండ్లు కుంటుచు నడచెను. గళగండము అందమునకు సంబంధించిన చిన్నలోపమని తలచినవారును ఉండిరి.

ఆ భావమును మార్చుటయే రెండవ యుద్ధము. 1971లో పాపువా న్యూగినీ దేశమున జరిగిన ప్రయోగఫలితములు వెలువడినవి. గర్భధారణకు ముందే అయోడిన్ నూనె పొందిన తల్లులకు మందబుద్ధి బిడ్డలు పుట్టుట ఆగిపోయెను. 1983లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బాసిల్ హెట్జెల్ ఈ హానులన్నిటిని కలిపి అయోడిన్ లోప వ్యాధులను క్రొత్త పేరు పెట్టెను. మన దేశమున కొచ్చుపిళ్లైగారును సహచరులును ఉత్తరప్రదేశమునందలి గోండా మున్నగు జిల్లాలలో అప్పుడే పుట్టిన శిశువుల బొడ్డురక్తమును పరీక్షించిరి. థైరాయిడ్ రసము చాలని శిశువులు అచ్చట అసాధారణముగా ఎక్కువమంది కనబడిరి. చూచుటకు ఆరోగ్యముగా కనబడు బిడ్డకు కూడ బుద్ధిలో కొంత కొరత ఏర్పడుచున్నదను భయము దీనివలన కలిగెను. మాట ఆలస్యమగుట, అక్షరము పట్టుబడకుండుట, బడిలో వెనుకబడుట అను లోపములను లోకము సోమరితనమనియు, కర్మఫలమనియు నిందించుచుండెను. చిటికెడు వస్తువు తల్లికి అందకపోవుట కారణమైనప్పుడు బిడ్డను నిందించుట ఎంత అన్యాయము!

రామలింగస్వామిగారు 1969నుండి 1979 వరకు అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు డైరెక్టరుగాను, 1979నుండి 1986 వరకు భారత వైద్యపరిశోధనా మండలికి అధిపతిగాను పనిచేసిరి. ఆ కాలముననే గళగండము కొండలకే పరిమితము కాదని, మైదానములందును కలదని సర్వేలు తెలిపినవి. అంతట జబ్బు జిల్లాలకు మాత్రమేగాక దేశమంతటికిని అయోడిన్ ఉప్పు నీయవలెనని ప్రభుత్వము నిశ్చయించి, 1986నుండి అంచెలంచెలుగా అమలుపరచసాగెను. 1992లో కార్యక్రమపు పేరు జాతీయ అయోడిన్ లోప వ్యాధుల నివారణ కార్యక్రమముగా మార్చిరి. గొంతువాపును గూర్చిన పథకము బుద్ధిని గూర్చిన పథకమైనదని ఆ పేరే చాటుచున్నది.

ఇతర సేవలు, సన్మానములు

వారి దృష్టి ఈ ఒక్క వ్యాధిపైననే నిలువలేదు. మాంసకృత్తులు చాలని తిండివలన శరీరావయవములు ఎట్లు చెడునో కోతులపై శోధించిరి. మన దేశపు శిశువులకు వచ్చు కాలేయవ్యాధులను, పేగునుండి కాలేయమునకు పోవు రక్తనాళపు వ్యాధిని గూర్చి వారు చేసిన వర్ణనములు ప్రసిద్ధములు. 1994లో సూరతు మున్నగు ప్రాంతములలో ప్లేగు భయము పుట్టినప్పుడు ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘమునకు అధ్యక్షులైరి. 1996లో ఇద్దరు సహచరులతో కలిసి దక్షిణాసియా శిశువుల పోషణలోపమును గూర్చి ఒక వ్యాసము వ్రాసిరి. ఆఫ్రికాకన్న ఇచ్చట తిండి, వైద్యము తక్కువ కాకపోయినను బిడ్డలు ఎక్కువగా కృశించుట యేల? స్త్రీలకు చాలినంత తిండియు, విశ్రాంతియు, గౌరవమును లేకపోవుటయే ముఖ్యకారణమని వారి అభిప్రాయము. కాంగ్డాలోను, ఇచ్చటను వారి మాట ఒక్కటే: బిడ్డ క్షేమము తల్లియందు మొదలగును.

భారతప్రభుత్వము వారికి 1969లో పద్మశ్రీ, 1971లో పద్మభూషణ బిరుదముల నిచ్చెను. 1976లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వారికి లియోన్ బెర్నార్డు బహుమానమును సమర్పించెను. 1986లో లండను రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికైరి. విదేశములనుండి తిరిగివచ్చు శాస్త్రజ్ఞులకు కేంద్ర జీవసాంకేతిక శాఖ ఇచ్చు వేతనము నేడు వారి పేరనే కలదు.

చివరి దినములు, తరువాతి కథ

2000వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము అయోడిన్ లేని ఉప్పు అమ్మకముపైనున్న నిషేధమును ఎత్తివేసెను. ఏ ఉప్పు తినవలెనో జనులే నిర్ణయించుకొనవలెనని ఒక వాదము. చిన్న ఉప్పు వ్యాపారుల కష్టము మరొక వాదము. ఆ వాదములలో కొంత న్యాయము లేకపోలేదు. కాని గర్భస్థశిశువు తన ఉప్పును తాను ఎన్నుకొనలేదు. ఆ నిషేధము తిరిగి వచ్చుటను రామలింగస్వామిగారు చూడలేదు. వారు 2001వ సంవత్సరము మే 28వ తేదీన ఢిల్లీలో కీర్తిశేషులైరి. 2006లో నిషేధము మరల అమలునకు వచ్చెను. ప్రజలకు మేలు చేయు సత్యమును ఒకసారి ఋజువు చేసిన చాలదనియు, ప్రతి తరమును దానిని కాపాడుకొనవలెననియు ఈ వృత్తాంతము నేర్పుచున్నది.

నేడు నియమము ప్రకారము ఉప్పు తయారగుచోట అయోడిన్ చేర్చవలెను; ఇల్లాలి చేతికి వచ్చునప్పటికి పది లక్షల వంతులకు 15 వంతులైనను మిగులవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అయోడిన్‌తో పాటు ఇనుమును కూడ చేర్చిన ఉప్పును రూపొందించినది. అది రక్తహీనతకును ఉపశమనము. ఇంటివారు చేయవలసిన పనియు కొంత కలదు. ఉప్పును మూతగల డబ్బాలో నుంచవలెను. పొయ్యిసెగకు, ఎండకు, తేమకు దూరముగా పెట్టవలెను. కల్లుప్పును కడిగి వాడినచో చేర్చిన అయోడిన్ నీటిపాలగును. ఇంకొక హెచ్చరిక: అయోడిన్ కొరకు ఉప్పు ఎక్కువ తినవలసిన పనిలేదు. అధికమైన ఉప్పు రక్తపుపోటునకు మూలము. కొలదిగా తినవలెను, తినునది మంచిదై యుండవలెను.

ఆ మహనీయుని పేరు తెలియని ఇండ్లలోను ఆయన చేసిన మేలు నిత్యము అనుభవింపబడుచున్నది. ఉప్పుగూడ రైలుస్టేషను చెంతనున్న కిరాణాదుకాణమునుండి ఉప్పు పొట్లము తెచ్చుకొను గృహిణికి కాంగ్డా లోయ తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. కాని చదువుకొను యువకులకు తెలియవలెను. బుద్ధిమాంద్యమును చూచి తలవ్రాతయని తలవంచక, దానికి కారణమేమని అడిగినవాడు ఒకడు పుట్టినందున కోట్ల తలవ్రాతలు మారినవి. శ్రీకాకుళమున పుట్టిన తెలుగుబిడ్డ అడిగిన ప్రశ్నకు హిమాలయమునందు జవాబు దొరికెను. అట్టి ప్రశ్న అడుగగల బాలుడో, బాలికయో ఈ గ్రంథాలయపు బల్లలముందును కూర్చుండియుండవచ్చును. వారి చేతికి మంచి పుస్తకము నందించుట పెద్దల వంతు.